అమెరికాలో కథల గంట: పసిపిల్లల కోసం ఊరు మోసిన బాధ్యత

అమెరికాలో ఓ మోస్తరు పట్టణం ఏదైనా, బడి ఈడు రాని పిల్లలు వారానికోసారి తల్లితోనో తాతతోనో ప్రజా గ్రంథాలయానికి వచ్చి, నేల మీద పరచిన తివాచీపై కూర్చుని, గ్రంథపాలకురాలు బొమ్మల పుస్తకం చూపిస్తూ చెప్పే కథ విని, ఆ తరువాత కాగితంతోనో దూదితోనో ఆ కథకు సంబంధించిన చిన్న వస్తువొకటి చేసుకుని ఇంటికి పట్టుకుపోవడం కనిపిస్తుంది. స్టోరీటైమ్ అని పిలిచే ఈ కార్యక్రమానికి రుసుము ఉండదు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది ఆ దేశ సంపద దానంతటదే తెచ్చిపెట్టిన సౌకర్యంగా తోచడం సహజమే గాని, దీని వెనుక నూరేళ్లకు పైబడిన శ్రమ, వాదన, పోరాటం ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో నల్లమల చెంతనున్న అర్ధవీడు, కంభం, గిద్దలూరు ప్రాంతాల పాఠకులు ఆ చరిత్రను తెలుసుకోవడం అవసరం.

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా గ్రంథాలయాలు పెద్దల కోసం ఏర్పడినవి. పన్నెండేళ్లో పద్నాలుగేళ్లో నిండని పిల్లలకు చాలాచోట్ల ప్రవేశమే ఉండేది కాదు. హార్ట్‌ఫర్డ్ పట్టణ గ్రంథపాలకురాలు కారొలైన్ హ్యూవిన్స్ 1882లో వివిధ గ్రంథాలయాలకు లేఖలు రాసి, పిల్లల చదువరితనం కోసం ఎవరెవరు ఏమి చేస్తున్నారో అడిగి తెలుసుకుని నివేదిక వెలువరించడంతో ఈ విషయం వృత్తిపరమైన చర్చకు వచ్చింది. బ్రూక్లిన్‌లోని ప్రాట్ సంస్థ గ్రంథాలయం 1896లో కొత్త భవనంలో పిల్లలకంటూ ప్రత్యేకంగా ఒక గది కేటాయించి, దాని నిర్వహణను యాన్ కారల్ మూర్‌కు అప్పగించింది. 1906లో న్యూయార్క్ ప్రజా గ్రంథాలయంలో పిల్లల విభాగానికి అధిపతి అయిన ఆమె, చిన్న బల్లలు, చిన్న కుర్చీలు, అందే ఎత్తులో పుస్తకాలు, క్రమం తప్పని కథల గంట అనే ఏర్పాటును ఆ నగర శాఖలన్నిటికీ విస్తరింపజేశారు. పిట్స్‌బర్గ్ గ్రంథాలయంలో 1899 నుంచే కథల గంట నడవడమే కాక, ఆ పని చేయదలచిన వారికి శిక్షణాలయం కూడా వెలిసింది. కథ చెప్పడాన్ని నేర్చుకుని చేయవలసిన వృత్తిగా గుర్తించడం అక్కడ జరిగిన అసలు మార్పు.

ఈ ఏర్పాటు నిలదొక్కుకోవడానికి కారణమైన ఒక షరతును కూడా గమనించాలి. ఉక్కు పరిశ్రమాధిపతి ఆండ్రూ కార్నెగీ ధనంతో అమెరికాలో 1,679 ప్రజా గ్రంథాలయ భవనాలు లేచాయి. అయితే స్థలం ఊరే ఇవ్వాలనీ, ఇచ్చిన విరాళంలో పదో వంతుకు సమానమైన మొత్తాన్ని ఏటా నిర్వహణకు ఊరే వెచ్చించాలనీ ఆయన పట్టుబట్టారు. భవనం దాత కట్టించినా, జీతాలూ పుస్తకాల ఖర్చూ పన్నుల సొమ్ము నుంచి రావలసి ఉండటంతో, అది ఊరి బాధ్యతగా స్థిరపడింది.

కథకు చేతిపని జతకావడానికి దోహదం చేసింది కిండర్‌గార్టెన్ ఉద్యమం. జర్మనీలో 1837లో పసిపిల్లల విద్యాలయం ప్రారంభించిన ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్, కాగితం మడవడం, కత్తిరించడం, పట్టీలు అల్లడం, మట్టితో ఆకృతులు చేయడం వంటి పనులను ఒక క్రమంలో పెట్టి, పిల్లవాడి బుద్ధి చేతుల ద్వారానే వికసిస్తుందని ప్రతిపాదించారు. జర్మనీ నుంచి వలస వచ్చిన మార్గరెటే షుర్జ్ 1856లో విస్కాన్సిన్ రాష్ట్రం వాటర్‌టౌన్‌లోని తన ఇంటిలో, జర్మన్ భాషలో, అమెరికాలోని మొదటి కిండర్‌గార్టెన్‌ను నడిపారు. 1873లో సెయింట్ లూయిస్ నగరంలో సూజన్ బ్లో దానిని ప్రభుత్వ బడిలోకి తెచ్చారు. ఈ విద్యకు కావలసిన సామగ్రిని మిల్టన్ బ్రాడ్లీ వంటి తయారీదారులు పెద్ద ఎత్తున ఉత్పత్తి చేయగా, 1903లో ఎనిమిది రంగుల క్రేయాన్ల పెట్టె ఐదు సెంట్లకే అమ్మకానికి వచ్చింది.

కథకూ చేతిపనికీ ఉన్న సంబంధాన్ని ఒక ఉదాహరణతో దగ్గరగా పరిశీలించవచ్చు. ఎజ్రా జాక్ కీట్స్ 1962లో ప్రచురించిన ‘ద స్నోయీ డే’ అనే బొమ్మల పుస్తకంలో, పీటర్ అనే నల్లజాతి బాలుడు మంచు కురిసిన ఉదయాన వీధిలో ఆడుకుంటాడు. అందులోని బొమ్మలను రచయిత రకరకాల కాగితాలూ గుడ్డముక్కలూ కత్తిరించి అతికించి రూపొందించారు. కథ ముగిశాక నీలిరంగు కాగితం, దూది, జిగురు పిల్లల ముందు పెడితే, రెండేళ్లవాడు కాగితం చించి, దూది పింజను ఎక్కడో ఒకచోట అద్దుతాడు. నాలుగేళ్ల పిల్ల మొన మొద్దుగా ఉన్న కత్తెరతో ఇల్లు కత్తిరించి, దాని కప్పు మీదనే మంచు పేరుస్తుంది. చించడం, నొక్కడం, అతికించడం వల్ల వేళ్లకు రేపు బలపం పట్టే పట్టు వస్తుంది. చేస్తున్నంతసేపూ పీటర్ ఏమి చేశాడో పిల్లలే తిరిగి చెప్పుకోవడం వల్ల విన్న కథ వారి మాటగా మారుతుంది. అందుకే పెద్దలు చేసిపెట్టిన నున్నని బొమ్మకంటే, వంకరగా ఉన్నా పిల్లలు చేసుకున్నదే విలువైనది.

అయితే ఈ గ్రంథాలయాల తలుపులు అందరికీ తెరిచి ఉండేవి కావన్నది ఆ చరిత్రలోని చేదు అధ్యాయం. దక్షిణాది రాష్ట్రాలలో నల్లజాతి వారికి ప్రజా గ్రంథాలయ ప్రవేశం నిషిద్ధంగా ఉండేది, లేదా వేరే చిన్న శాఖతో సరిపెట్టేవారు. 1961 మార్చిలో మిసిసిపీ రాష్ట్ర రాజధాని జాక్సన్‌లో, తెల్లవారికే పరిమితమైన గ్రంథాలయంలో కూర్చుని చదివినందుకు టూగలూ కళాశాల విద్యార్థులు తొమ్మిది మంది అరెస్టయ్యారు. న్యూయార్క్‌లోని హార్లెమ్ శాఖలో 1921లో చేరిన పూరా బెల్‌ప్రే, తన జన్మభూమి పోర్టోరికో కథలు పుస్తకాలలో లేవని గ్రహించి, వాటిని స్పానిష్‌లోనూ ఇంగ్లీషులోనూ చెప్పి, తోలుబొమ్మలాట వంటి బొమ్మల ఆటలతో వలస కుటుంబాలను గ్రంథాలయానికి రప్పించారు. 1937లో అదే శాఖలో పిల్లల గ్రంథపాలకురాలైన అగస్టా బేకర్, నల్లజాతి పిల్లలను కించపరచని పుస్తకాల జాబితాలు తయారుచేసి, 1961 నాటికి నగరమంతటి పిల్లల సేవలకు సమన్వయకర్త అయ్యారు. నేడు తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న కొన్ని పట్టణాల గ్రంథాలయాలలో తెలుగులో కథలు వినిపిస్తున్నాయంటే, ఆ దారి వేసినవారు వీరే.

తెలుగునేలకు ఇలాంటి వారసత్వం లేకపోలేదు. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి కృషితో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది; 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టింది; రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి ఆకాశవాణి ద్వారా రాష్ట్రమంతటి పిల్లలకు కథలూ పాటలూ చేరవేశారు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలుచేసే చట్టం 1960 నుంచి ఉంది. అంగన్‌వాడీ వ్యవస్థకు మూలమైన పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. వేసవిలో శాఖా గ్రంథాలయాలు పిల్లల శిబిరాలు నడుపుతున్నాయి. కొరవడినది ఏడాది పొడవునా నిలిచే ఏర్పాటు.

అర్ధవీడు పరిసరాలలో ఇందుకు సామగ్రి కరవు లేదు. దేశమంతటా బడిపిల్లలకు పలకలు అందించిన మార్కాపురం పక్కనే ఉంది. జొన్న దంటు బెండుతో ఎద్దులబండి చేసే నేర్పు, తాటాకుతో బూర చుట్టే నేర్పు ఊళ్లలోని పెద్దలకు ఇంకా తెలుసు. నల్లమల అడవి జంతువుల కథలు, కంభం చెరువు కట్టించిన వరదరాజమ్మ కథ చెప్పగల అవ్వలూ తాతలూ ఉన్నారు. వారానికి ఒక నిర్ణీత గంట, శిక్షణ పొంది జీతం అందుకునే ఒక కార్యకర్త, ఆ గంటలో కథ చెప్పడానికి ఒక అవ్వకు ఆహ్వానం, ఏ వాడ పిల్లలైనా ఒకే చాప మీద కూర్చునే కచ్చితమైన నియమం: ఈ నాలుగూ సమకూరితే అంగన్‌వాడీ గది గానీ శాఖా గ్రంథాలయం గానీ చాలు. దాతల ఉత్సాహంతో మొదలైనవి దాతలతోనే ముగిసిపోతాయి. పన్ను చెల్లించే ఊరు తన హక్కుగా అడిగి, తన బాధ్యతగా నడుపుకున్నవి తరాల తరబడి నిలుస్తాయి. అమెరికా చరిత్ర నుంచి ఈ ప్రాంతం గ్రహించదగినది ఇదే, ఇందుకు ఆ దేశపు సంపద అక్కరలేదు.