సురభి నాటకాల ఆహార్యం, రంగసామగ్రి

కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజాలు తమ వేషాలు, నగలు, ఆయుధాలు, తెరలు, మాయాదృశ్యాల ఏర్పాట్లు చాలావరకు తామే తయారుచేసుకుంటూ వచ్చాయి. నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు అభినయాల్లో ఒకటైన ఆహార్యం తెలుగునాట ఒక కుటుంబ వృత్తిగా ఇంతకాలం నిలవడం సురభిలోనే చూస్తాం. ఈ పని 1885లో మొదలైంది. ఈ జిల్లాలోనే, చక్రాయపేట మండలంలో, సురభి గ్రామం ఉంది. అప్పట్లో దాని పేరు సొరుగు.

సురభి కళాకారుల పూర్వికులు మహారాష్ట్ర ప్రాంతం నుంచి వచ్చిన ఆరె మరాఠీలు. వారి వృత్తి తోలుబొమ్మలాట. ఆ వృత్తిలో బొమ్మను ఆడించే చేతులే బొమ్మను చేస్తాయి. తోలును శుభ్రంచేసి, వెలుతురు పారేంత పలచగా గీకి, రంగులద్ది, నగలు మెరవాల్సిన చోట సన్నని చిల్లులు పొడుస్తారు. దీపం ముందు నిలిపితే ఆ చిల్లులే రాళ్లహారాలవుతాయి. బొమ్మ నోరు తెరవదు కాబట్టి రాముడెవరో రావణుడెవరో ఒంటిరంగు, కిరీటం చూసే జనం పోల్చుకోవాలి. ఈ చూపే సురభి వేషాలకు పునాది అని చెప్పాలి. పాత వృత్తి కూడా సీమలో బతికే ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

1885లో సొరుగులో ఒక పెళ్లి సందర్భంగా, బొమ్మలకు బదులు మనుషులే వేషాలు కట్టి కీచక వధ ఆడారు. దీనికి ముందు నడిచినవాడు వనారస గోవిందరావు. అంతకుముందు పల్లెల్లో వీధినాటకానిదే రాజ్యం. ఇద్దరు పట్టుకున్న గుడ్డే తెర. ముఖానికి అర్దళం, తలకూ భుజాలకూ తేలిక చెక్కతో చేసి అద్దంబిళ్లలు అతికించిన కిరీటం, భుజకీర్తులు. అదే కాలంలో ధార్వాడ, పార్శీ నాటక కంపెనీలు రంగు తెరలు, పక్క వింగులు, మఖమల్ కోట్లు, జరీ, చమ్కీ పనితనంతో తెలుగు ఊళ్లను ఆకట్టుకుంటున్నాయి. సురభివారు రెంటినీ కలుపుకున్నారు. ఆకారాలు తోలుబొమ్మలవి, వీధినాటకానివి, తళుకు కంపెనీలది.

తెరల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దర్బారు, వీధి, అడవి, ఉద్యానవనం, కైలాసం: ఒక్కొక్కటీ రంగస్థలం వెడల్పున గీసిన చిత్రం. ఊరూరా మకాం మార్చే సమాజానికి కట్టడాలతో పనిలేదు. చుట్ట చుట్టి బండికెక్కించగల రాజమహలు కావాలి. ఒక దృశ్యం ముందు తెర మీద నడుస్తుంటే, దాని వెనక తర్వాతి దృశ్యానికి కావలసినవన్నీ చడీచప్పుడూ లేకుండా అమరిపోతాయి. నాటకం ఆగకుండా పరుగెత్తడానికి కారణం ఇదే.

సురభికి పేరు తెచ్చినవి మాయాదృశ్యాలు. మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి వెళ్తాయి. ఇద్దరు వీరులు వదిలిన బాణాలు కంటికి ఆనని తీగల మీద ఎదురెదురుగా వచ్చి, నడిమధ్య ఢీకొని నిప్పులు రాలుస్తాయి. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. వేదిక మీద వాన కురుస్తుంది. భక్త ప్రహ్లాదలో స్తంభం చీలి నరసింహుడు వస్తాడు. వీటి వెనక ఉన్నవి తాడు, తీగ, కప్పీ, బాణసంచా, చీకటి, అన్నిటికీ మించి పాట తాళానికి తప్పని చేతివాటం. తీగ లాగే మనిషి పద్యం వినగలిగినవాడై ఉండాలి. ఈ నేర్పు కాగితం మీదకెక్కేది కాదు. వింగుల పక్కన పెరిగిన పిల్లలకే అబ్బింది.

పిల్లలు అక్కడే పెరిగారు. సమాజమంటే కుటుంబమే. ఉయ్యాల వయసులో బాలకృష్ణుడైనవాడు కొన్నేళ్లకు లవుడో కుశుడో అవుతాడు, తర్వాత కృష్ణుడు, ఇంకా తర్వాత తెర లాగేవాడు. మిగతా తెలుగు రంగస్థలం మీద స్థానం నరసింహారావు వంటి పురుషులు స్త్రీపాత్రలను అద్భుతంగా పోషిస్తున్న కాలంలో, సురభిలో ఆడవాళ్లే ఆ వేషాలు కట్టారు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఈ ఇంటి బిడ్డే.

ఇష్టమైన కథలోని పాత్రలా ముస్తాబవడం ఇప్పుడు ప్రపంచమంతటా ఉంది. 1939లో న్యూయార్క్‌లో జరిగిన తొలి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశానికి ఫారెస్ట్ అకర్‌మన్, మర్టిల్ డగ్లస్ భవిష్యత్ కాలపు దుస్తుల్లో వచ్చారు. వాటిని కుట్టింది డగ్లసే. వీడియో గేముల వీరుల కవచాలు, కత్తులు చేసుకునే నేటి కాస్‌ప్లే యువత హైదరాబాద్ కామిక్ కాన్‌లోనూ కనిపిస్తుంది. వాళ్లది ఒక మనిషి కొలతకు కుదిరిన వేషం. సురభిలో వేషం పాత్రది. ఈ తరం నటుడి తర్వాత అది వచ్చే తరానిది.

ఒకప్పుడు 30కి పైగా ఉన్న సమాజాలు సినిమా దెబ్బకు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. 1990ల్లో నాటక దర్శకుడు బి.వి. కారంత్ వీరితో భీష్మ, చండీప్రియ, బ్రెహ్ట్ నాటకం ఆధారంగా బస్తీ దేవత యాదమ్మ చేయించారు. 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపించిన రేకందార్ నాగేశ్వరరావు, అందరికీ తెలిసిన సురభి బాబ్జీ, 2013లో పద్మశ్రీ అందుకున్నారు. హైదరాబాద్ శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో ఈ కుటుంబాలు నేటికీ ఉంటున్నాయి.