మోనోవాల్
మోనోవాల్ అనునది మూలబడిన పాత కంప్యూటరును ఇంటి నెట్‌వర్కునకు కాపరిగా నిలుపు ఓపెన్‌సోర్స్ ఫైర్‌వాల్. స్విట్జర్లాండు దేశీయుడగు మాన్యుయెల్ కాస్పర్ ఫ్రీబీఎస్‌డీ అను ఆపరేటింగ్ సిస్టమ్ ఆధారముగా దీనిని నిర్మించి, 2003 ఫిబ్రవరి 15న తొలిసారి వెలువరించెను. 64 మెగాబైట్ల మెమరీయు, రెండు నెట్‌వర్కు కార్డులును గల 486 తరగతి యంత్రము దీనికి చాలును: ఒక కార్డు బయటి తీగను, రెండవది ఇంటి స్విచ్చును అందుకొనగా, నడుమ వచ్చిపోవు ప్రతి ప్యాకెట్టును నియమములతో సరిచూచి, తగినదానిని విడిచి, తగనిదానిని త్రోసిపుచ్చును. అమరికలన్నియు ఒకే ఎక్స్ఎమ్ఎల్ ఫైలున ఇముడుటయే దీని నిజమైన సొగసు. యంత్రము చెడినను, ఆ ఫైలును మరియొక పాతపెట్టెలోనికి ఎక్కించి కార్డుల పేర్లు సరిదిద్దినచో కాపలా యథాప్రకారము సాగును. 2004లో దీనినుండి పీఎఫ్‌సెన్స్ అను మరియొక ఫైర్‌వాల్ చీలెను. 2015 ఫిబ్రవరి 15న కాస్పర్ దీని అభివృద్ధిని విరమించి, వాడుకరులకు ఓపీఎన్‌సెన్స్ అను ఫైర్‌వాల్‌ను సూచించెను.