ఝాడ్‌ఫానూస్ కింద ఎవరున్నారు?

మొన్న ఈద్ సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని 'ముఘల్-ఎ-ఆజం' చూశాం. శీష్‌మహల్ రాగానే మా చిన్నది కళ్ళింత చేసుకుని, "అబ్బా, మన తాతలు గూడ ఇట్లనే ఉండెటోళ్ళా?" అనడిగింది. మా దాదా దూది ఏకేవాడు. ఇంట్లో ఉన్నది ఒకటే కందిలి, ఇషా నమాజ్ కాగానే అది గూడ ఆర్పేసేవాళ్ళని దాదీ చెప్పేది. బిడ్డకి ఆ మాటే చెప్పాను. కానీ ఆ సవాల్ నన్ను వదల్లేదు.

పాత జమానా సినిమాల్లో ఎవరు అమీరో ఎవరు గరీబో డైలాగుల కన్నా ముందు రోష్నీ చెప్పేస్తుంది. 1960లో కె. ఆసిఫ్ తీసిన ఈ సినిమాకి కెమెరా ఆర్.డి. మాథుర్. శీష్‌మహల్ సెట్‌లో పెద్ద ముసీబతే వచ్చింది. లైటు వేస్తే ప్రతి అద్దంలోనూ ఆ లైటే కళ్ళలో పొడిచేది. చివరికి వెలుగుని నేరుగా వెయ్యకుండా, వేరే చోట తగిలించి మళ్ళించాక గానీ పని జరగలేదు. ఫలితం చూడండి. అనార్కలి ఓ కనీజ్, కొనుక్కోగలిగిన మనిషి. అలాంటి మనిషి పైకప్పు అద్దాలన్నిటిలో వందలుగా తిరుగుతుంటే అక్బర్ బాద్షా తలెత్తినా తప్పించుకోలేడు. ఆ తర్వాత ఆమెకి మిగిలింది ఖైద్‌ఖానా చీకటే.

ఇంతకన్నా నా దిల్‌కి దగ్గరైంది 'సాహిబ్ బీబీ ఔర్ గులామ్' (1962). వి.కె. మూర్తి కెమెరా. భూత్‌నాథ్ మొదటిసారి హవేలీ జనానాలోకి వెళ్తాడు. గరీబ్ వాడు, తలెత్తే హిమ్మత్ లేదు. అందుకని మనకి గూడ ఛోటీ బహూ పాదాలే ముందు కనబడతాయి. అతను కళ్ళెత్తాకే కెమెరా ఆమె మొహం దగ్గరికి పోతుంది. ఎవరు ఎవర్ని ఎంతసేపు చూడొచ్చన్నదే గదా పాత హవేలీల అసలు ఖానూన్! అదే సినిమాలో ముజ్రా పాట ఉంది. వెలుగంతా నాచ్‌వాలీ మీద, వెనక ఆడే అమ్మాయిలంతా నీడలో. వాళ్ళ మొహాలు గురుదత్‌కి నచ్చలేదని, అందుకే మూర్తి సాబ్ వాళ్ళని చీకట్లో ఉంచాడని చెబుతారు. షాట్ మాత్రం లాజవాబ్, అందరూ తారీఫ్ చేస్తారు, నేనూ చేస్తాను. కానీ ఆ పిల్లలు ఆ రోజు ఇంటికెళ్ళి అమ్మీకి ఏం చెప్పుకున్నారో?

సత్యజిత్ రాయ్ 'జల్సాఘర్' (1958)లో ఝాడ్‌ఫానూస్ ఓ పాత్రే. సినిమా మొదలయ్యేదే చీకట్లో ఊగే ఝాడ్‌తో. కెమెరా సుబ్రత మిత్రా. జమీందార్ ఇంట్లో మోంబత్తీలు. పక్కింటి వడ్డీ వ్యాపారి కొడుకు కొత్త దౌలత్‌తో కరెంటు జనరేటర్ పెట్టించాడు, దాని చప్పుడు జమీందార్ చెవిలో పడుతూనే ఉంటుంది. పాత ఇజ్జత్‌కి ఓ వెలుగు, కొత్త పైసాకి ఇంకో వెలుగు. మిగిలిన ఒక్క ఏనుగుని పక్కింటాయన లారీ లేపిన దుమ్ము కప్పేసే షాట్ చూస్తే ఇక ఒక్క మాట గూడ అక్కర్లేదు. బేగమ్ అఖ్తర్ ఓ మెహ్ఫిల్‌లో పాడతారు, దానికోసమైనా చూడండి.

కానీ నేను చూసేది నౌకర్ అనంతని. ఆఖరి జల్సా కోసం మూతపడ్డ హాలు తెరిచి దుమ్ము దులిపేది అతను. తెల్లవారుజామున మోంబత్తీలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే జమీందార్ దడుచుకుంటాడు. అప్పుడు పర్దాలు తీసి పొద్దు పొడిచిందని చూపించేది గూడ అతనే.

మన హైదరాబాద్ చౌమహల్లాకి పోతే మనమూ ఝాడ్‌ఫానూస్‌ల కింద నిలబడి ఫొటోలు దిగుతాం. వాటిని తుడిచిన చేతులెవరివని ఎవరడుగుతారు? మన ఖాందాన్లలో ఎక్కువమందివి ఆ చేతులే, నవాబుల చేతులు కావు.

రాయే 1977లో 'శత్రంజ్ కే ఖిలాడీ' తీశాడు. ఇద్దరు లఖ్నవీ రయీసులు దీవాన్‌ఖానా వదిలి ఊరవతల చెట్టుకింద శత్రంజ్ ఆడుకుంటారు. ఫిరంగీ ఫౌజ్ లఖ్నవూ మీదికి కదిలిపోతోంది. అక్కడ ఫానూస్ లేదు, పర్దా లేదు, పగటి ఎండే. వాళ్ళకి తిండీ నీళ్ళూ చూసేది కల్లూ అనే పల్లెటూరి పిల్లాడు. ఆ ఎండ వాడి మొహం మీద గూడ పడుతుంది. ఈసారి చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ సినిమా చూపించాలి.