గేదె వేసే మాయ

నరసరావుపేట, మాచర్ల పల్లెల్లో ‘గేదె మాయ వేసింది’ అంటే ఈనిన తరువాత మావి బయటపడిందని అర్థం. ఇందులో ఇంద్రజాలమేమీ లేదు. భ్రమను చెప్పే మాయ సంస్కృతం, దానికి ‘మా’ (కొలుచు) ధాతువును మూలంగా చూపుతారు. పాడివారి మాయకు నిఘంటువుల్లో జోడు ‘మావి’. మావికి మామిడి అనే అర్థమూ ఉంది, కానీ ఆ మావికీ దీనికీ సంబంధం లేదు. సంస్కృతంలో ఇది జరాయువు. పాఠ్యపుస్తకాల ‘జరాయుజాలు’ దాని సంతానమే. ‘మెయ్య దిగడం’ వేరు: అది యోని లేదా గర్భాశయం జారి బయటికి రావడం. రెంటినీ కలిపి రాయడం తప్పు. ‘మాయ పడలేదు’ అన్న మాట వెనుక శరీరపు లెక్క ఒకటుంది. ఈనాక గర్భాశయంలోకి బాక్టీరియా దాదాపు ప్రతి పశువులోనూ చేరుతుంది, జబ్బు మాత్రం కొన్నింటికే, ముఖ్యంగా మాయ పడనివాటికి, వస్తుంది. ఇందులో గ్లూకోజుకూ పాత్ర ఉంది. పాలలోని లాక్టోజుకు గ్లూకోజు కావాలి. మేతలోని పిండిపదార్థాన్ని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులే పులియబెడతాయి గనుక గ్లూకోజులో ఎక్కువ భాగం కాలేయమే తయారుచేయాలి. సరిగ్గా ఈనే రోజుల్లోనే పశువు మేత తగ్గుతుంది. సూక్ష్మజీవులను గుర్తించి ఇంటర్‌ల్యూకిన్లనే హెచ్చరిక సంకేతాలు పంపే గర్భాశయపు లోపొర కణాలకూ ఆ గ్లూకోజే ఇంధనం. ప్రయోగశాలలో అది తగ్గిస్తే సంకేతాలూ తగ్గాయి. అందుకే మాయ పడని పశువుకు మందుతోపాటు దాణా సంగతీ చూడాలి. ఒట్టి చొప్ప చాలదు. చేత్తో బలంగా లాగితే లోపొర చిరిగి, సూక్ష్మజీవులకు దారి ఇంకా పెరుగుతుంది.