వృద్ధ చోదకుల భద్రత – పోలీసుల పాత్ర (హిజ్లీ, ఖరగ్‌పూర్)

వయసు మీద పడ్డాక కూడా సొంతంగా బండి నడుపుకునేవారి క్షేమం కోసం ట్రాఫిక్ పోలీసులు, స్థానిక ఠాణాలు చేసే, చేయదగిన పనులు ఈ వ్యాస విషయం. వృద్ధ చోదకుడికి మోటారు వాహనాల చట్టంలో వేరే నిర్వచనం లేదు. 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం 60 ఏళ్లను హద్దుగా పెట్టింది కాబట్టి ఇక్కడా దాన్నే పాటించాం.

స్థలం

హిజ్లీ పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో, ఖరగ్‌పూర్‌ను ఆనుకుని ఉంది. 1930లో కట్టిన నిర్బంధ శిబిరం, 1951లో మొదలైన ఐఐటీ దీనికి పేరు తెచ్చాయి. రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో చాలానే ఉన్నాయి. 16, 49 నంబరు జాతీయ రహదారులు ఖరగ్‌పూర్ దగ్గరే కలుస్తాయి. లారీల రద్దీలో కుడివైపు మలుపు తిరగడం పెద్దవారికి బాగా కష్టమైన పని. ఎదురుగా వచ్చే బండి వేగాన్ని, దూరాన్ని ఒకేసారి అంచనా వేయాలి, మెడ కూడా పూర్తిగా తిప్పగలగాలి.

వయసు, ప్రమాదం

నడిపిన దూరంతో పోల్చి చూస్తే వృద్ధ చోదకుల మరణాలు ఎక్కువగా కనిపిస్తాయి. వారు ఎక్కువగా గుద్దుకుంటారు కాబట్టి అని కొందరు, శరీరం దెబ్బకు తట్టుకోలేదు కాబట్టి అని మరికొందరు దీనికి కారణం చెబుతారు. లీ, బ్రేవర్, చెన్‌లు 2003లో అమెరికా గణాంకాలను విశ్లేషించి, ఈ అధిక మరణాల్లో 60 నుంచి 95 శాతం శరీర బలహీనత వల్లేనని తేల్చారు. రెండో వాదనకే ఆధారం గట్టిగా ఉన్నట్టుంది. అందువల్ల హెల్మెట్టు, సీటు బెల్టు తనిఖీ పెద్దవారి విషయంలో మరింత అక్కరకొస్తుందని చెప్పవచ్చు.

లైసెన్సు

2019 సవరణ ప్రకారం 55 ఏళ్లు దాటాక ఇచ్చే లైసెన్సు 5 ఏళ్లే చెల్లుతుంది. 40 దాటినవారు పునరుద్ధరణకు 1-ఎ ఫారంలో వైద్యుడి ధ్రువపత్రం తేవాలి. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా అన్నది 1వ ఫారంలో ఒక ప్రశ్న. బ్రిటన్‌లో ఇదే పరీక్షను 20 మీటర్ల దూరం నుంచి పోలీసులు రోడ్డు మీదే పెడతారు.

లైసెన్సు పూర్తిగా రద్దు చేసే పని పోలీసులది కాదు. జబ్బు వల్ల, వైకల్యం వల్ల నడపలేని స్థితి ఉందని నమ్మడానికి తగిన కారణం ఉంటే, 16వ సెక్షన్ కింద లైసెన్సింగ్ అధికారి దాన్ని రద్దు చేయవచ్చు, లేదా వైద్య పత్రం అడగవచ్చు. ఆ కారణాన్ని చూపగలిగేది చాలాసార్లు రోడ్డు మీద నిలబడ్డ పోలీసే.

ఆపినప్పుడు

మలుపు దాటి చాలాదూరం వచ్చినా ఇండికేటరు కొట్టుకుంటూనే ఉండటం, ఆగమన్న చెయ్యి ఆలస్యంగా కనబడటం, లైసెన్సు అడిగితే రేషన్ కార్డు తీసి మళ్లీ వెతుక్కోవడం గమనించదగ్గ గుర్తులు. ఏ ఒక్కదాన్నీ బట్టి తీర్పు చెప్పకూడదు. మధుమేహ రోగికి చక్కెర పడిపోయినా ఇలాగే ఉంటుంది. ఎక్కడి నుంచి వస్తున్నారు, ఈ వేళ ఏ వారం అని నెమ్మదిగా అడగాలి. జవాబు పొసగకపోతే చలానా రాసి పంపేయక ఇంటివారిని పిలవడం మేలు. ఆ మాటలు పెద్దాయన మాతృభాషలో సాగితే తడబాటు భాషదా, బుద్ధిదా అన్నది తేలుతుంది. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిన నేపథ్యంలో ఖరగ్‌పూర్‌లో ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు.

ఇతర ప్రయత్నాలు

బెంగాల్ ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన ‘సేఫ్ డ్రైవ్ సేవ్ లైఫ్’ అన్ని వయసులవారికీ ఉద్దేశించింది. కోల్‌కతా పోలీసుల ‘ప్రణామ్’ (2009) ఒంటరి వృద్ధుల కోసం పెట్టినది. ఠాణా పరిధిలోని వయోవృద్ధుల జాబితా ఉంచి, ఒంటరివారిని నెలకొకసారైనా పలకరించాలని 2007 చట్టం కింది నమూనా నియమాలు చెబుతున్నాయి. బండి సంగతి ఎత్తడానికి ఆ పలకరింపే అనువైన సమయం.

జపాన్‌లో 1998 నుంచి వృద్ధులు లైసెన్సును స్వచ్ఛందంగా పోలీసులకు తిరిగి ఇవ్వవచ్చు. అడిగినవారికి గుర్తింపుకార్డుగా చెల్లే డ్రైవింగ్ చరిత్ర పత్రం ఇస్తారు. మన దగ్గర లైసెన్సే చాలామందికి గుర్తింపు పత్రం. చేతికి ఇంకేదీ ఇవ్వకుండా దాన్ని వదులుకోమంటే పెద్దవారు ఒప్పుకోకపోవడంలో వింతేమీ లేదు.