నొప్పి, దూరం, ఫోను: అరగొండ నుంచి బస్తర్ దాకా

రోజుకు పది గంటలు కుర్చీలో కూర్చుని చదివే మనలో చాలామందికి నడుం నొప్పి కొత్త కాదు. మనకైతే ఫోన్‌లోనే ఒక ఫిజియోథెరపిస్టు దొరుకుతారు. మరి బస్తర్ అడవి గ్రామంలో సికిల్ సెల్ వ్యాధితో ఏళ్ల తరబడి ఎముకల నొప్పి భరించేవారికి? జీఎస్-2లో ఆరోగ్యం చదివేటప్పుడు ఈ ప్రశ్న పక్కన పెట్టుకోండి. జవాబు చరిత్రలో ఉంది.

ముందు నొప్పి సంగతి. మూడు నెలలు దాటినా తగ్గనిదాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. 1953లో నొప్పి నిర్వహణపై గ్రంథం ప్రచురించిన అమెరికా మత్తు వైద్యుడు జాన్ బోనికా, ఇది ఒక్క డాక్టరు పని కాదని, వేర్వేరు నిపుణులు కలిసి చూడాలని వాదించారు. 1965లో మెల్జాక్, వాల్ 'గేట్ కంట్రోల్' సిద్ధాంతం ప్రతిపాదించారు. దాని ప్రకారం వెన్నుపాములో గేటులాంటి ఏర్పాటు ఉంటుంది. మెదడు పంపే సంకేతాలు కూడా నొప్పిని పెంచగలవు, తగ్గించగలవు. పనిని విడతలుగా చేసుకోవడం, వ్యాయామం, నిద్ర, భయాన్ని అదుపు చేసుకోవడం లాంటి పాఠాలకు ఈ ఆలోచనే దారి వేసింది. ఇవి మాటలతో నేర్పేవి కాబట్టి ఫోన్ ద్వారా కూడా నేర్పవచ్చు.

ఇక దూరం సంగతి. 2000 మార్చిలో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో టెలిమెడిసిన్ కేంద్రాన్ని బిల్ క్లింటన్ ప్రారంభించారు. 2019లో వచ్చిన ఈ-సంజీవని మొదట ఆరోగ్య కేంద్రాలను పెద్ద డాక్టర్లతో కలిపింది. 2020లో రోగి ఇంటి నుంచే మాట్లాడే వీలు కల్పించింది.

ఈ లోపు ఛత్తీస్‌గఢ్ ఇంకో దారి కూడా వేసింది. 2002లో మొదలైన 'మితానిన్' పథకంలో ఊరి మహిళే ఆరోగ్య కార్యకర్త. 2005 నాటి ఆశా వ్యవస్థకు ఇదొక ముందడుగు. 2019లో వారపు సంతలకే డాక్టర్లను పంపే హాట్ బజార్ క్లినిక్ పథకం ప్రారంభమైంది.

ఇక్కడే అసలు చిక్కు. 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మార్ఫిన్ లాంటి ఎన్‌డీపీఎస్ మందులను ఫోన్‌లో రాయకూడదు. 2014లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించి ఆస్పత్రులకు మార్ఫిన్ అందే దారి సులువు చేశారు. కానీ ఆ ఆస్పత్రి దగ్గర్లో ఉండాలి కదా! సరిహద్దు గ్రామాల వాళ్లు వైద్యానికి మన భద్రాచలం దాకా వస్తున్నారు. పైగా డాక్టరు హిందీలో అడిగితే, గోండి మాత్రమే వచ్చిన అవ్వ తన నొప్పి ఎలాంటిదో ఎలా చెబుతుంది?

2023 జులై 1న మొదలైన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ లక్ష్యం 2047. పరీక్షలు చేసి కార్డు ఇస్తే వ్యాధి ఉందని తెలుస్తుంది, నొప్పి తగ్గదు. తెర మీద నిపుణులు, పక్కన భాష తెలిసిన మితానిన్, దగ్గర్లో మందు ఉన్న ఆస్పత్రి ఉండాలి. మూడింటిలో ఏది లేకపోయినా రోగి మళ్లీ ఒంటరే.

మెయిన్స్‌లో టెలిమెడిసిన్ ప్రశ్న వస్తే యాప్ పేర్లతో ఆపేయకండి. ఫోన్ పట్టుకుని పక్కన కూర్చునే మనిషి గురించి కూడా రెండు వాక్యాలు రాయండి.

సాధన ప్రశ్న: 'గిరిజన ప్రాంతాల్లో డిజిటల్ ఆరోగ్యం దూరాన్ని తగ్గించింది, ఒంటరితనాన్ని కాదు.' చర్చించండి. (150 పదాలు)