కసాపురం దోవలో పక్కదోవలు

కూచో అబ్బీ, కాళ్ళు చాపుకోని కూచో. ఆ ఫోను పక్కన పెట్టి, మంటలోకి ఇంత చెనక్కాయ పొట్టు ఎగదోయి. బెళుగుప్ప నుంచి కసాపురానికి మీరిప్పుడు మోటారు సైకిలు మీద పొద్దున పోయి అన్నం టయానికి ఇంటికొచ్చేస్తారు. దేవుణ్ణి చూసినామంటారు. ఆయన మిమ్మల్ని చూసేంతసేపన్నా నిలబడినారా అనేది నా అనుమానం.

మా కాలంలో శ్రావణ శనివారానికి ఆంజనేయస్వామిని అందుకోవాలంటే గురువారం కోడి కూసేలోగా ఊరు దాటాల. పదిమందిమి, పదిహేనుమందిమి పోతాంటిమి. భుజాన మూటలో జొన్నరొట్టెలు, ఊరిబిండి, బొరుగులు. సంగటైతే రెండోపూటకే పులుస్తుంది. ఎండిన రొట్టె నాలుగు దినాలున్నా చెడదు, నమిలేదానికి పళ్ళుంటే చాలు. చెప్పులు మాత్రం చేతిలో. దేవుని పేరు చెప్పేవాళ్ళు గానీ అసలు సంగతి వేరే. కాలి తోలు పోతే మళ్ళా వస్తుంది, చెప్పు తోలు రాదు. మా జేజినాయన లెక్క అది.

లెక్కంటే గుర్తొచ్చింది. 1957లో నయాపైసలు కొత్తగా వచ్చినాయి. అణాకు ఆరుంకాలు పైసలు. ఉరవకొండ హోటల్లో కాఫీ అణా. ఆరిస్తే హోటలాయన ఒప్పుకోడు, ఏడిస్తే జేజినాయన ప్రాణం ఒప్పుకోదు. "ఆ ముక్కాలు పైసా ఎవరి సొమ్మురా?" అని గొడవ. కడాకు ఒక ఉపాయం కనిపెట్టినాడు. నాలుగు కాఫీలైతే సరిగ్గా ఇరవై ఐదు పైసలు, ఎవరికీ నష్టం లేదు. దాంతో కాఫీ వద్దన్నోళ్ళకు కూడా తాపించినాడు. ముక్కాలు పైసా మిగిల్చేదానికి మూడణాలు ఖర్చు పెట్టిన మొనగాడు!

సరే, దోవలోకి వస్తాం. బండిబాట పట్టుకుంటే ఉరవకొండ, ఆపైన వజ్రకరూరు, గుంతకల్లు పక్కన కసాపురం. కానీ జేజినాయనకు నేరుగా నడిచేది చేతకాదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అవ్వ ఆయన్నే అనేది. ఉరవకొండ చేరకుండానే తూర్పుకు మళ్ళించి మమ్మల్ని పెన్నహోబిలం తీసకపోయేవాడు. అక్కడికి ఒక పూట దండగ. ఆ పూటే నాకు ఇప్పటికీ కలలో వస్తాది.

పెన్న అంటే నువ్వు నీళ్ళనుకుంటావు. మాకు ఇసుక. ఏడాదంతా కలిపినా సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే వాన పడే సీమ కదా మనది. ఆ ఇసుకలో చెలమ తోడేవాళ్ళం. మోకాళ్ళ మీద కూచోని, కుక్క గుంత తోడినట్ల రెండు చేతులా తోడితే మూరెడు లోతున తడి తగులుతుంది. మొదట ఊరిన బురదనీళ్ళు చల్లెయ్యాల. రెండోతూరి ఊరినవి కాళ్ళకు. మూడోతూరి ఊరినవి నోటికి. ఆత్రపడి రెండోదే తాగినోడికి రాత్రంతా పళ్ళల్లో ఇసుక కరకరలాడేది. ఆ ఆత్రగాడెవరో అడగొద్దు.

పైన నరసింహస్వామి గుడి. స్వామి ఒక పాదం ఇక్కడ, ఇంకొకటి ఆ పెద్ద అహోబిలంలో పెట్టినాడంటారు. లక్ష్మమ్మ గుడి వేరేగా ఉంటుంది. "చూసినావా, దేవుళ్ళు గూడా ఆలుమగలు కొంచెం ఎడంగా ఉంటేనే సుఖం" అని జేజినాయన గట్టిగా అనేవాడు, అవ్వ వినాలని. అవ్వ వినేది. ఆ రాత్రి ఆయన రొట్టెకు ఊరిబిండి ఉండేది కాదు.

అన్ని పక్కదోవలూ మంచివని చెప్పను. ఉరవకొండ కొండుందే, దూరానికి పడగెత్తిన పాములా ఉంటుంది. ఉరగకొండ అనే పేరే ఉరవకొండ అయిందంటారు. దూరపు కొండలు నునుపు. ఎక్కి చూస్తే గుండ్లు, ముండ్లు. దిగేటప్పుడు నా పంచె సగం అక్కడే ఉండిపోయింది.

ఇంగ వజ్రకరూరు చేలు. తొలకరి పడితే ఇప్పటికీ జనం వజ్రాలకని తల వంచుకోని తిరుగుతారే, అవే. నాకు పద్నాలుగేండ్లప్పుడు ఆ పిచ్చి పట్టింది. ఎర్రమట్టిలో తళుక్కుమన్నదల్లా ఏరుతా పొద్దు గూకేదాకా తిరిగితే, మా గుంపు కనుచూపుమేరలో లేదు. ఆశ లావు, పీక సన్నం. ఆకలితో ఏడుస్తా నడిరాత్రి కసాపురం చేరినా. జేబులో చూస్తే పలుగురాయి. అవ్వ దాన్ని పొయ్యికాడ చెకుముకిరాయిగా వాడుకుంది.

కసాపురం గుడి సంగతి నీకు తెలిసిందే. కృష్ణదేవరాయల గురువు వ్యాసరాయలు ప్రతిష్ఠించినాడని, ఆ చోట ఎండిన వేప చిగురించిందని చెప్తారు. మన కరువుసీమలో దేవుడున్నాడనేదానికి అంతకన్నా గుర్తేం కావాల!

ఇప్పుడు పెన్నహోబిలం కాడ జలాశయం ఉంది. హంద్రీనీవా కాలవలో కృష్ణమ్మ మన మండలంలోని జీడిపల్లి దాకా వచ్చింది. చెలమ తోడేవాడు లేడు. వచ్చే శ్రావణానికి నడిచే పోతామంటివి గదా? తూర్పుకు మళ్ళి పెన్నహోబిలం చూసుకోనే పోండి. రొట్టెలు ముందుదినమే కాల్చి ఆరబెట్టుకోండి. వజ్రకరూరు దాటేదాకా మాత్రం తల ఎత్తుకోనే నడువు అబ్బీ.